గురించి కాదు, నుంచి

కిందటి వారం కళ్ళజోళ్ళక్కను మనం ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా. యూనివర్సిటీ ఆర్కైవ్స్ గుమ్మం బయట నిలబడి ఉంది. చేతిలో సంచీ, కళ్ళలో నీళ్ళు, నోట్లో బయటికి రాని తిట్లు. తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది. మూసినావిడ ఆ ఆర్కైవ్స్‌కు అధికారి. లోపలికి వచ్చిన ప్రతి మనిషి దగ్గరా పెన్ను లాక్కుని చేతిలో పెన్సిలు పెడుతుంది కనక, అక్క మొదటి రోజే ఆవిడకు పెన్సిలమ్మ అని పేరు పెట్టేసింది.

ఇంతకీ అక్క చేసిన నేరమేమిటంటే, సర్దడం. వీధిలో అందరికీ కళ్ళజోళ్ళు అమ్మే మనిషి ఆమె. ఏ ఫ్రేము ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషి ముందు ఎప్పుడో చనిపోయిన ప్రొఫెసరు గారి పెట్టె తెచ్చిపెట్టి, అందులో కాగితాలన్నీ చిందరవందరగా కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? పెద్దవి అడుగున, చిన్నవి పైన, బొమ్మలున్నవి ఒక పక్కన, రాతలున్నవి ఇంకో పక్కన ముచ్చటగా పేర్చింది. మెచ్చుకుంటారని కూడా అనుకుంది పాపం. పెన్సిలమ్మ వచ్చి చూసి పాలిపోయింది. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందన్నది కూడా ఇక్కడ సమాచారమే, దాన్ని మీరు చెరిపేశారు అని ఒక్క మాట అనేసి, పెట్టె మూసి, మనిషిని బయటికి పంపేసింది.

అక్కకు ఆ పెట్టెతో ఏం పనంటారా? వాళ్ళమ్మ కోసం. అమ్మ పడుచు వయసులో ఇదే యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖలో పనిచేసింది. మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి, రెండో కన్ను కాగితం మీద పెట్టి, ఆకుల్నీ గింజల్నీ పూల పొట్టల్నీ బొమ్మలు గీసింది. ప్రొఫెసరు గారు ఆ బొమ్మలతో పుస్తకం వేశారు, తన పేరుతో. సంతకం చెయ్యనివ్వలేదని అమ్మ ప్రతి బొమ్మ మూలనా ఒక చిన్న చీమను గీసేది. ఆ పుస్తకాన్ని ఇప్పుడు మళ్ళీ ఘనంగా అచ్చు వేస్తున్నారు. రేపు పొద్దున్న ప్రెస్సుకు వెళ్తుంది. చీమ సంగతి చెప్తే ఇప్పటి శాఖాధ్యక్షుడు నవ్వి, అది మా గురువుగారి చమత్కారం అన్నాడు. ఆధారం ఏదన్నా ఉంటే తెండి, మీ అమ్మగారి పేరు వేస్తాం, లేకపోతే నా చేతుల్లో లేదు అని కూడా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే అక్కకు ఇంకా మండింది.

ఆధారం అంటే అసలు బొమ్మలు. అవి లేవు. పుస్తకం మీద తన పేరు లేదని తెలిసిన రోజున అమ్మ ఆ బొమ్మల కట్ట ఇంటికి తెచ్చేసుకుంది. రచ్చ చేస్తానంది. నాన్న భయపడ్డాడు. ఆయనదీ అక్కడే ఉద్యోగం మరి. మర్నాడు పెరట్లో, అమ్మ చూస్తుండగా, కట్టంతా కాల్చేశాడు. ఆ రోజు నుంచి అమ్మ కుంచె పట్టలేదు, యూనివర్సిటీ గేటు దాటలేదు. దాటనని ఒట్టు పెట్టుకుంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పెట్టిన షాపే అక్క నడుపుతోంది గానీ, ఆయన ఫోటో మాత్రం ఆ షాపులో ఎక్కడా ఉండదు.

ఇదీ సంగతి. ఇక ఈ రోజుకు వద్దాం.

పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కా, ఇంక వదిలేయ్, అమ్మకు పేరు వచ్చినా రాకపోయినా ఈ వయసులో ఒరిగేదేముంది, నువ్వు షాపు మూసుకుని ఆ గోడల చుట్టూ కాళ్ళరిగేలా తిరగడం తప్ప అని హితబోధ చేశాడు. పోనీ, అమ్మ చెప్పేదంతా నిజమేనంటావా అని కూడా మెల్లగా అన్నాడు. అక్క ఠక్కున ఫోన్ పెట్టేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటతోనే బయల్దేరి, ఏ తలుపు తన మొహాన మూసుకుందో ఆ తలుపే మళ్ళీ తట్టింది.

పెన్సిలమ్మ తలుపు తీసింది. అక్క క్షమాపణ చెప్పాలని దారంతా బట్టీ పట్టుకుంటూ వచ్చింది గానీ, తీరా ఆవిడ మొహం చూసేసరికి అంతా మర్చిపోయింది. చివరికి, ఇంకెప్పుడూ ఏదీ సర్దనండీ అని మాత్రం అనగలిగింది. దుకాణం నడిపే మనిషి నోటి నుంచి ఆ మాట రావడం ఎంత కష్టమో పెన్సిలమ్మకు తెలిసినట్టు లేదు. తెలిస్తే ఇంకాస్త మెత్తబడేది. సంచీ లాకర్లో పెట్టండి, ఫోన్ కూడా, పెన్ను ఇటివ్వండి అంది.

లోపల చదువుకునే గదిలో పొడుగాటి బల్లలు, పెద్ద కిటికీలు, ఆ కిటికీలకు ఎండ పడకుండా తెరలు. కుర్చీ కాస్త జరిపితే చాలు, గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూస్తారు. ముసలి పండితుడొకాయన ముక్కు కాగితానికి ఆనించి ఏదో చదువుతున్నాడు. ఆ కళ్ళజోడు పవరు ఆయనకు ఎప్పుడో చాలడం లేదని అక్క చూడగానే పసిగట్టింది. చెప్దామని నోరు తెరిచి, తను ఎక్కడున్నదీ గుర్తొచ్చి మూసేసుకుంది.

కంప్యూటరులో వెతుక్కోమన్నారు. అమ్మ పేరు కొట్టింది. ఏమీ లేదు. అమ్మ పెళ్ళికి ముందు ఇంటిపేరు పెట్టి కొట్టింది. ఏమీ లేదు. పేరులో దీర్ఘం తీసి ఒకసారి, ఒత్తు పెట్టి ఒకసారి కొట్టింది. బొమ్మలు అని కొట్టింది. ఆకుల బొమ్మలు, పూల బొమ్మలు, గింజల బొమ్మలు అని విడివిడిగా కొట్టింది. ఆఖరికి, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చీమ అని కొట్టింది. హాస్టల్ వంటగదిలో చీమల బెడద మీద విద్యార్థులిచ్చిన ఫిర్యాదు ఒకటి దొరికింది. అక్క తల పట్టుకుంది.

పోనీ ప్రొఫెసరు గారి పెట్టెలే మళ్ళీ అడుగుదామని చీటీ రాసింది. ఒకసారికి ఒక్క పెట్టే ఇస్తారట. మొదటి చీటీలో పెట్టె నంబరు వెయ్యలేదని తిరిగొచ్చింది. రెండోది నంబరు వేసినా, కొట్టేసి దిద్దినందుకు తిరిగొచ్చింది. మూడో చీటీకి పెట్టె వచ్చింది గానీ, అందులో ప్రొఫెసరు గారు మీటింగులకు వెళ్ళిన ప్రయాణ ఖర్చుల రసీదులు తప్ప ఏమీ లేవు. వాటి వరస చెడకుండా, ఒక్కొక్కటే తిరగేస్తూ, చివరి దాకా చూసింది. చేతులు దురద పెడుతున్నా సర్దలేదు. అది తిరిగిచ్చి ఇంకోటి అడిగేసరికి భోజన విరామం. విరామమయ్యాక వచ్చిన పెట్టెలో ఆహ్వాన పత్రికలు. ప్రొఫెసరు గారికి ఎంతమంది దండలు వేశారో లెక్క తేలింది గానీ, అమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఇన్ని ఏళ్ళు ఆ శాఖలో వంగి కూర్చుని కళ్ళు పాడుచేసుకున్న మనిషి, అసలు ఆ గడపే తొక్కనట్టు మాయమైపోయింది. అక్కకు ఏడుపొచ్చింది. కాగితాల మీద నీళ్ళు పడితే అదో నేరమవుతుందని, పెట్టె మూసేసి, లేచి పెన్సిలమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఇక్కడ నోటితో కాకుండా కళ్ళతో మాట్లాడుకోవాలని నియమం. అక్క ఆ నియమాన్ని అప్పటికి పక్కన పెట్టింది.

"మేడమ్, మీ దగ్గర ఇన్ని గదుల నిండా కాగితాలున్నాయి కదా. చీమల మీద ఫిర్యాదు కూడా దాచారు. మా అమ్మ గురించి ఒక్క ముక్క లేదా?"

ముసలి పండితుడు తలెత్తాడు. పెన్సిలమ్మ అక్కను చెయ్యి పట్టుకుని పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. మళ్ళీ గెంటేస్తుందనే అనుకుంది అక్క. ఆవిడ కుర్చీ చూపించింది.

"మీరు వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట. మా అమ్మ గురించి, బొమ్మల గురించి. ఇక్కడ ఏ పెట్టే దేని గురించీ ఉండదమ్మా. గురించి అన్నది లైబ్రరీలో. అక్కడ పుస్తకాలు విషయాన్ని బట్టి పెడతారు. ఇక్కడ ఎవరి నుంచి వచ్చిందో వాళ్ళ పేరు మీద పెడతాం. వాళ్ళు ఎలా ఉంచుకున్నారో అలాగే ఉంచుతాం. అందుకే మీరు సర్దితే నాకు అంత కోపమొచ్చింది."

అక్కకు ఈ పాఠం వినే ఓపిక లేదు. ఈ మాటేదో మొదటి రోజే చెప్పి ఉంటే ఏం పోయేదని అడిగింది. గోడకు అంటించి ఉందిగా అంది పెన్సిలమ్మ. నిజంగానే గుమ్మం పక్కన గోడకు, చిన్న అక్షరాల్లో, ఒక పెద్ద కాగితం ఉంది. లోకానికంతా కళ్ళజోళ్ళు పెట్టే అక్క దాన్ని చదవనేలేదు.

"మీ అమ్మగారి పేరు ఎవరూ రాయలేదన్నారు. అయితే పేరుతో దొరకదు," అంది పెన్సిలమ్మ. ఈసారి గొంతు కాస్త మెత్తబడింది. "ఆ బొమ్మలు ఆఖరిసారి ఎవరి చేతిలో ఉన్నాయి? అది చెప్పండి. అక్కడ్నుంచి వెతుకుదాం."

"ఉంటే గింటే మా నాన్న చేతిలో ఉన్నాయి. ఆయన కాల్చి బూడిద చేశాడు. బూడిద నుంచి ఏం వెతుకుతారు?"

ఆ మాట అనేశాక అక్క కిటికీ వైపు తిరిగింది. నాన్న ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది ఆమెకు. అమ్మ నోట్లో మాట లేకుండా చేసిన మనిషి. ఉద్యోగం పోతుందని పెళ్ళాం కష్టాన్ని నిప్పుల్లో పడేసిన మనిషి. ఆ తర్వాత రెండేళ్ళకే ఆ ఉద్యోగం తనే మానుకుని షాపు పెట్టుకున్నాడు. మరి కాల్చింది దేనికట? ఈ ప్రశ్న ఆయన ఉన్నప్పుడు అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ధైర్యముంది, మనిషి లేడు.

పెన్సిలమ్మ ఆయన పేరు అడగలేదు. ఎక్కడ పనిచేసేవారని అడిగింది.

మైక్రోస్కోపులు రిపేరు చేసే వర్క్‌షాపులో, అని అక్క విసురుగా చెప్పింది. అద్దాలు అరగదీసేవాడు, మరలు బిగించేవాడు, ఆయన సంగతి ఇప్పుడెందుకండీ అంది. పెన్సిలమ్మ అప్పటికే కంప్యూటరు తనవైపు తిప్పుకుని వెతుకుతోంది. కాసేపటికి ఆవిడ వేలు ఆగింది. ఆ వర్క్‌షాపు ఎత్తేసినప్పుడు సామాను ఇక్కడికి వచ్చిందట. పనిముట్ల జాబితాలు, విడిభాగాలు, వాటితో పాటు ఒక పెట్టె. దాని మీద 'డ్రాయింగులు' అని మాత్రమే రాసి ఉంది.

"ఆశ పెట్టుకోకండి," అంది పెన్సిలమ్మ. "వర్క్‌షాపు డ్రాయింగులంటే మరలవీ పళ్ళచక్రాలవీ అయి ఉంటాయి. మావాళ్ళు కూడా అలాగే అనుకుని ఉంటారు. ఇన్నేళ్ళలో దాన్ని అడిగినవాళ్ళు లేరు."

చీటీ రాయమంటే అక్క పెన్సిలు అందుకుంది. నంబరు వేసింది. కొట్టివేత లేకుండా రాసింది. చీటీ తీసుకుని పెన్సిలమ్మ తనే కింది గదుల్లోకి వెళ్ళింది.

ఇక ఎదురుచూపు. అక్క కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. మరల బొమ్మలే ఉంటాయిలే అని మనసుకు నచ్చజెప్పుకుంది. కాల్చినవాడి పెట్టెలో కాల్చినవి ఎలా ఉంటాయి, నాకు మతి పోయింది అనుకుంది. అంతలోనే, డ్రాయింగులు అన్నమాట తను ఒక్కసారి కూడా కొట్టి చూడలేదని గుర్తొచ్చింది. ఇంట్లో ఎప్పుడూ బొమ్మలనే అన్నారు. అమ్మ బొమ్మలు. నాన్న మాత్రం ఆ మాట వాడేవాడు కాదు. మీ అమ్మ డ్రాయింగు అనేవాడు. చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఆయన ఇంగ్లీషు దర్జాను చూసి వెనక నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి అక్క గుమ్మం దాకా వెళ్ళి కారిడారులోకి తొంగి చూసింది.

పెన్సిలమ్మ తిరిగొచ్చింది. చేతుల్లో పెట్టె లేదు.

ఇంత చేసి చివరికి ఇదా అనుకుంది అక్క. పోయిందా అని అడిగింది. పోలేదంది ఆవిడ. ఉంది. లక్క సీలు వేసి, తాడు కట్టి, భద్రంగా ఉంది. కానీ మీకు చూపించలేను అంది.

అక్క ఓపిక అక్కడితో అయిపోయింది. పెన్సిలు ఇచ్చారు, పట్టుకున్నాను. సర్దొద్దన్నారు, సర్దలేదు. గురించి కాదు నుంచి అన్నారు, దానికీ తల ఊపాను. ఇప్పుడు పెట్టె ఉంది గానీ చూపించరా? రేపు పొద్దున్నే పుస్తకం ప్రెస్సుకెళ్ళిపోతుందని మీకు తెలుసు కదా అని, ఏడుస్తూ, అరుస్తూ, అరుపును మింగుతూ అడిగింది. పెన్సిలమ్మ అడ్డు రాలేదు. మొత్తం అననిచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"అది వర్క్‌షాపు సామానుతో వచ్చింది కాదమ్మా. వాటి పక్కన పెట్టారంతే. విడిగా ఒక మనిషి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు షరతు పెట్టాడు. ఆ షరతు మేం దాటకూడదు."

"ఎవరు?"

పెన్సిలమ్మ ఆ పేరు చెప్పింది. అక్క షాపు బోర్డు మీద ఇప్పటికీ ఉన్న పేరే. చెరిపించడానికి మనసొప్పక కాదు, రంగులవాడు దొరక్క అలా ఉంచేశానని అక్క అందరితో చెప్పే పేరు.

నాన్న ఇక్కడికి వచ్చాడు. ఈ తలుపే తట్టాడు. జేబులో పెన్ను తీసి ఇచ్చేసి ఉంటాడు. తిట్టడం ఒక్కటే అలవాటు అక్కకు ఆయన్ని. ఇప్పుడు తిట్టు రావడం లేదు.

షరతు ఏమిటంటే, ఈ డ్రాయింగులు గీసిన మనిషి తన కాళ్ళతో తను వచ్చి అడిగితే తప్ప ఎవరికీ చూపకూడదు. పిల్లలొచ్చినా సరే. గీసిన మనిషి పేరు రాశారా అని అక్క ఆత్రంగా అడిగింది. రాయలేదట. పేరు రాస్తే ప్రొఫెసరు గారి మనుషులు పెట్టె మాయం చేస్తారని భయపడి ఉంటాడు. ఎప్పుడూ భయమే ఆయనకు. మరి వచ్చింది గీసిన మనిషేనని మీకెలా తెలుస్తుందంటే, పెట్టె తెరవకముందే అన్నిటికంటే పైనున్న బొమ్మ ఏమిటో ఆ మనిషి చెప్పాలట. జవాబు వేరే కవరులో పెట్టి సీలు వేసి ఇచ్చాడట.

అక్క కారిడారులోకి పరిగెత్తింది. లాకరు తాళం ఒక పట్టాన తిరగలేదు. దాన్నీ నాలుగు తిట్లు తిట్టి, ఫోన్ తీసి, గోడకు ఆనుకుని, అమ్మకు కలిపింది. దొరికాయే అమ్మా అంది. నీ బొమ్మలు ఉన్నాయి, కాలలేదు, ఇక్కడే ఉన్నాయి, నువ్వొచ్చి అడిగితే ఇస్తారు, రేపటికల్లా చూపించాలి, నీ ఒట్టు గిట్టు పక్కన పెట్టు అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఫోన్ పోయిందేమోనని అక్క చెవి నుంచి తీసి చూసుకుంది. పోలేదు.

"ఎవరిచ్చారే వాళ్ళకి?" అంది అమ్మ.

"నాన్న."

పైబొమ్మ ఏమిటో గుర్తుందా అమ్మా, అది చెప్తేనే తెరుస్తారట అని అక్క మెల్లగా అడిగింది. అమ్మ ఆ ప్రశ్న విన్నట్టు లేదు.

"మరి నా కళ్ళముందు కాల్చిందేమిటే? కట్ట విప్పి ఒక్కొక్కటే వేశాడు. నా చీమ కాలడం చూశాను నేను."

కారిడారు చివర కిటికీలోంచి పడుతున్న ఎండ పచ్చబడింది. వెనక తలుపు తెరుచుకుంది. పెన్సిలమ్మ చేతిలో తాళాలగుత్తి ఉంది. మూసే వేళయిందని, చెప్పడానికి తనకే ఇబ్బందిగా ఉన్నట్టు, చెప్పింది. ఆ మాట ఫోన్లో అమ్మకు కూడా వినపడింది.

"ఎవరే ఆవిడ? తాళాలు ఆవిడ దగ్గరేనా?"

"అవునమ్మా."

"మూయొద్దని చెప్పు," అంది అమ్మ. "చెప్పులేసుకుంటున్నాను."